బూడిదరంగు డ్యూటీ

బెడ్‌మిన్‌స్టర్ రైలు వంతెన కింద
మంగళవారం మంగళవారం నా పని:
మోర్వెన్నా రాత్రి గీసినదాన్ని
పొద్దున్నే బూడిదరంగు రోలరుతో మాపేయడం.

ఓసారి వానొచ్చి
కొంగ ఒంటికాలు మిగిలిపోయింది.
వారం తిరిగేసరికి ఆ కాలి మీదే
గొడుగేసుకున్న ముసలమ్మ!
నవ్వాగలేదు. పై ఆఫీసరుకి చెప్పలేదు.
అప్పట్నుంచీ ఏదో ఒకటి వదిలేసేవాణ్ణి
తోకో, చెప్పో, సగం చంద్రుడో.

ఇప్పుడు రేవు పక్క గ్యాలరీలో ఆమె బొమ్మలు.
టికెట్టు ఎనిమిది పౌండ్లు.
తెల్లగోడ. అద్దం. అద్దం మీద దీపం.
"ముట్టుకోవద్దండీ" అన్నాడు కాపలా కుర్రాడు.

గోళ్ళ సందుల్లో ఇంకా బూడిదరంగే,
చేతులు జేబుల్లో దోపుకున్నా.

ఇంత శుభ్రమైన గోడ మీద
ఆమెకి జవాబు చెప్పేదెవరు?

బయట చినుకులు.
రేపు మంగళవారం.