రిమార్కుల గడి

ఇంటర్వ్యూ రోజున ఆ అమ్మాయికి నది సంగతి చెప్పింది నేనే.
"మన ఊరి నదికి పటం గీయాలి" అన్నాను
గొంతులో కాస్త తేనె కలిపి.
మా అధికారి ఒల్గెర్డ్ తలూపాడు.
బొగ్నా చూపు
కొత్తగా చెక్కిన పెన్సిల్ మొనలా తేలింది.

అబద్ధమేమీ కాదు.
వూచ్ అంటే మా పోలిష్‌లో పడవ.
పడవ పేరు పెట్టుకున్న ఊళ్ళో
పడవ దింపేంత నీరు ఎక్కడా కనబడదు.
బట్టల మిల్లులు రంగునీళ్ళు తాగించి తాగించి
నది కంపు కొడుతుంటే, మా తాతల కాలంలో
సొరంగంలోకి తోసి, మీద రోడ్డు పరిచారు.
ఇక్కడ నదికి పటం గీయడమంటే
మ్యాన్‌హోల్ మూతలు లెక్కపెట్టడం.
ఆ ఒక్క ముక్కే నేను మింగేశాను.

మొదటి సోమవారం ఆమె
రంగు పెన్సిళ్ళ డబ్బా తెచ్చుకుంది.
ముప్ఫై ఆరింటిలో నీలాలే ఏడు.
మేం ఇచ్చినవి నారింజ రంగు చొక్కా,
కొలత చక్రం, మూతలెత్తే ఇనప కొక్కెం,
గళ్ళ కాగితాల కట్ట:
మూత నంబరు, అడ్డుకొలత, పగులుందా లేదా,
చివర్న రిమార్కులు.
పంతొమ్మిదేళ్ళుగా ఎవ్వరూ నింపని గడి అది.

నవంబరు వాన.
వాళ్ళమ్మ ఫోన్ చేస్తే
"నది పనేనమ్మా, బానే ఉంది" అనడం
రెండుసార్లు విన్నాను.
మూడోసారి లేచి టీకి వెళ్ళిపోయాను.

ఒకరోజు అడిగింది,
చక్రానికంటిన బురద తుడుస్తూ, తలెత్తకుండా,
"మీకు ముందే తెలుసు కదూ?"
తెలుసన్నాను.
తిట్టి ఉంటే బాగుండేది.
"ఇంకో పాత గుడ్డ ఉందా?" అంది.

నేనూ అంతే వచ్చాను.
వంతెనలు కట్టడానికని వచ్చి
ఫైళ్ళకు ట్యాగులు కట్టాను.
ఈ మాట ఆమెతో అనలేదు.
నా పుండు చూపిస్తే
ఆమె పుండు మానుతుందా?

డిసెంబర్లో, మూత నంబరు రెండువేల మూడువందల పదహారు.
మూసేసిన రొట్టెల దుకాణం ముందు
మంచుకి కొక్కెం జారి, మోకాళ్ళ మీద పడిందట.
పడ్డది పడ్డట్టే చెవి ఆనించిందట.
సాయంత్రం నా బల్ల మీదికొచ్చిన కాగితంలో
చివరి గడి నిండి ఉంది:
"చప్పుడుంది. పడమరకి పోతోంది."

కంప్యూటర్ ఆ గడిలో అక్షరాలు ఒప్పుకోదు, అంకెలే.
ఒకటి కొట్టాను.
వినపడని మూతలకి సున్న.
ఈ ఒకట్లేమిటని ఒల్గెర్డ్ అడిగితే
"నాణ్యతా సూచిక" అన్నాను.
నా సర్వీసులో అదే మొదటి అబద్ధం,
నదిని లెక్కలో వెయ్యకపోతే.

ఇంతలో పని తీపెక్కిందనుకోకండి.
జీతం అదే, వాన అదే.
ష్చెచిన్ ఓడరేవుకి దరఖాస్తు పెట్టింది.
ప్రింటర్లో కాగితం ఇరుక్కుంటే లాగింది నేనే.
కొన్ని ఉదయాలు ఆమె
మూతల్ని బూటుతో తన్నడం కిటికీలోంచి చూశాను.
మోగేవి, లోపలెవరో ఉన్నట్టు.

మార్చిలో, అందరూ వెళ్ళాక,
ఒకట్లన్నీ తెర మీద పెట్టమంది.
వంకర చుక్కలు.
రెండు చోట్ల తెగి, మళ్ళీ మొదలై,
మునిసిపల్ ఆసుపత్రి కింద నుంచి
ఎవరి అనుమతీ అడక్కుండా పోతున్నాయి.
అచ్చు తీసిన కాగితం ముందేసుకుని
డబ్బా తెరిచింది.
ఏడు నీలాల మీదా వేలు ఆడించి, ఆడించి,
చివరికి గోధుమ రంగు తీసింది.
"దీని రంగు ఇదే" అంది.

వచ్చే నెల ఇంకో ఖాళీకి ఇంటర్వ్యూ.
నన్ను మళ్ళీ కూర్చోమన్నారు.
"నది గురించి ఏం చెప్పను?"
ఆమెనే అడిగాను.
నారింజ చొక్కా జిప్పు సగంలో ఇరుక్కుంటే
దాంతో కుస్తీ పడుతూ అంది:
"మూతలని చెప్పండి.
తర్వాత, చెవులు బాగా వినపడతాయా అని అడగండి."