వెన్ను చూపి

తెడ్డు వేసేవాళ్ళు వెళ్ళే వైపు చూడరు.
గమ్యానికి వెన్ను చూపి కూర్చుంటారు.
మా పడవలో ముందుకి చూసేది నేనొక్కణ్ణే,
చుక్కాని పట్టిన ముసలివాణ్ణి.
వాళ్ళకి నా మొహమే దారి.

అందుకే నాకు తెలుసనుకున్నాను
మార్యున్ మొహం ఎప్పుడు అబద్ధమాడుతుందో.

అక్టోబరులో, వానకి నానిన గడ్డివాలు మీద
మొండికేసిన పొట్టేలుని కంచె దాటించబోయి
కాలు జారింది.
పందెంలో కాదు, అలల్లోనూ కాదు.
పొట్టేలు లేచి, ఒళ్ళు దులుపుకుని వెళ్ళిపోయింది.
తను లేవలేదు.

తోర్స్‌హావన్ ఆస్పత్రిలో తెరమీద చూపించారట:
నడుములో ఒక పూస
అంచు నొక్కుకుపోయిన అగ్గిపెట్టెలా.
"నరానికి తగల్లేదు" అన్నాడు డాక్టరు.
ఆ ఒక్క మాటని ఊరంతా
రొట్టెలా తుంచుకుని తిన్నాం.

శీతాకాలమంతా నడుముకి గట్టి పట్టీ.
ఒకరోజు కరెంటు స్తంభం దాకా నడక,
వారం పోయాక రెండో స్తంభం దాకా.
గాలి మనిషిని విసిరికొట్టే రోజుల్లో
చేపల గిడ్డంగిలో, పెట్టెల వరసల మధ్య.
నీళ్ళ బిందె కాదు, కెటిల్ ఎత్తడానికి కూడా
అనుమతి అడిగిన చేతులవి.

ఫిబ్రవరిలో ఫిజియో బెయింతా
తన వీపు మీద నిలువుగా రెండు టేపు ముక్కలు అంటించింది.
నడుము గూనిగా వంగితే చర్మం లాగుతుంది.
"లాగితే తుంటి దగ్గర మడుచుకో,
పూసల్ని అప్పు అడక్కు."
చెప్పింది అంతే. మిగతాదంతా గడియారం.
నేలమాళిగలో, ఎక్కడికీ పోని తెడ్డు యంత్రం మీద
మూడు నిమిషాలు.
మర్నాడు పొద్దున నొప్పి లేకపోతే నాలుగు.
ఉంటే మళ్ళీ రెండు.
నొప్పి కాలిలోకి దిగితే అక్కడే ఆపాలి.
కాలు మొద్దుబారితే ఎవర్నీ అడక్కుండా ఆస్పత్రికి.
ఇదంతా వాళ్ళబ్బాయి రంగు పెన్సిళ్ళతో రాసి
వంటింటి తలుపుకి అంటించాడు,
ఆస్పత్రి పక్కన ఒక పొట్టేలు బొమ్మ కూడా వేసి.

నాకెవరూ అలా రాసి అంటించలేదు.
ఇరవై ఆరేళ్ళప్పుడు
నొప్పిని పళ్ళ కింద నొక్కిపెట్టి
చివరి రెండొందల మీటర్లు లాగాను.
పతకం సొరుగులో ఉంది.
నా కుడికాలి మేజోడు మా ఆవిడ తొడుగుతుంది.

మే నెల. రేవులో నీళ్ళు
పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉన్నాయి.
ఆరుగురూ ఎక్కారు.
పన్నెండు నిమిషాలని ఒప్పందం.
ఏడో నిమిషానికి పడవ తేలికైంది.
ఆరు తెడ్లకీ కలిపి ఒక్కటే చప్పుడు.
నా ఎదురుగా రగ్నా నవ్వు ఆపుకోలేకపోయింది.
"ఇంకాస్త" అనే మాట
నా నాలుక చివరిదాకా వచ్చింది.
అది నాకు పాత చుట్టం.

తొమ్మిదో నిమిషం.
మార్యున్ మొహంలో ఏమీ లేదు.
వెతికాను. ఏమీ లేదు.
అయినా తెడ్డు పైకెత్తి
"ఆపండి" అంది.

అయిదు తెడ్లు లేచాయి.
ఎవరూ తిరిగి చూడలేదు, ఎందుకని అడగలేదు.
పడవ తన ఊపులో తనే కొంచెం జారి నిలిచింది.
తెడ్ల రెక్కల మీంచి చుక్కలు రాలుతున్నాయి.

"నొప్పా?" అడిగాను చివరికి.
"కాదు. టేపు లాగింది. రెండుసార్లు."

ఒడ్డున పడవ ఎత్తడానికి
రేవులో పనివాళ్ళు వచ్చారు.
తనని ముట్టుకోనివ్వలేదు. నన్నూ ముట్టుకోనివ్వలేదు.
ఊడదీసిన చుక్కాని చెరో చివరా పట్టుకుని
మేమిద్దరం పడవ వెనకాలే నడిచాం,
మెల్లగా, వీపులు నిటారుగా,
పెళ్ళి ఊరేగింపులో పెద్దవాళ్ళలా.

జులైలో పందెం.
జాబితాలో అయిదు పేర్లు సిరాతో రాశాను.
ఆరోది పెన్సిలుతో.