నూట పన్నెండో పేజీ

ముక్తేశ్వరం శాఖా గ్రంథాలయంలో
నా ఉద్యోగం పుస్తకాలివ్వడం.
అసలు పని మాత్రం చెరపడం.
జేబులో ఎప్పుడూ ఓ రబ్బరు ముక్క.

అది ఎక్కువ అరిగింది ఒకే నవల మీద.
రెండు కాపీలుండేవి. రెంటికీ అట్టలు పోయాయి,
రాసినవాడి పేరూ అట్టలతోనే పోయింది.
అడిగేవాళ్ళందరికీ అది భద్రయ్య పుస్తకం.

భద్రయ్య మంచివాడు కాడు.
వరద రాత్రి తన చేను నిలబడాలని
కాలవ గట్టుకి గండి కొట్టి
తమ్ముడి ఊడ్పుల మీదికి నీళ్ళు వదిలాడు.
దింపు కూలీకి కాయలు లెక్కేస్తూ
నూటికి రెండు మింగేశాడు.
పెళ్ళాం జ్వరంతో మూలుగుతుంటే
కిరసనాయిలు దండగని దీపం ఆర్పేశాడు.

చదివినవాళ్ళు ఊరుకుంటారా?
మార్జిన్ల నిండా పెన్సిలు తిట్లు.
"ఎదవ." "నీ చేతులిరిగిపోను."
"ఈడికి పిల్లనిచ్చినోడెవడ్రా బాబూ."
ఒకాయన మర్యాదస్తుడు,
"మీరు చేసింది ఏమీ బాగోలేదండి" అని
నేరుగా భద్రయ్యకే రాశాడు,
కింద సంతకంతో సహా.

డిగ్రీ కుర్రాడొకడు అడిగాడు,
"హీరోనే ఇలాగుంటే
మనం ఎవరి పక్కనుండాలండి?"
గండికి అటా, ఇటా?
వరదలో గట్టు మీద నిలబడ్డవాణ్ణి
ఆ మాట అడగాలి. నన్ను కాదు.

గెద్దాడ సూర్యావతి టీచరుగారు
పుస్తకం బల్ల మీద పడేసి
"చివరికైనా ఏడవడేంటయ్యా" అన్నారు.
"మూడొందల పేజీలు ఓపిక పట్టాను.
ఒక్క చుక్క కన్నీరు బాకీ పడ్డాడు నాకు."
ఆవిడ వెళ్ళాక చూస్తే ఆఖరి పేజీ అడుగున
గుండ్రటి చేతిరాత:
భద్రయ్య తమ్ముడి కాళ్ళ మీద పడ్డాడు.
అదీ చెరిపాను.
అచ్చులో లేని పశ్చాత్తాపం
మనకి కావాలని మొలిపిస్తే ఎలా?

పంటు మీద టిక్కెట్లు కోసే ఏసురత్నమైతే
గోదారి నడిమధ్యలో, సరిగ్గా గండి ఘట్టం దగ్గర,
పుస్తకాన్ని నీళ్ళలోకి విసిరేశాడు.
మర్నాడొచ్చి జరిమానా కట్టాడు, అంతా చిల్లరే.
రసీదు మడిచి పెట్టుకుని
కాసేపు కిటికీ వైపు చూసి
"ఇంకో కాపీ ఉందాండి?" అన్నాడు.
"నచ్చలేదన్నావు?"
"నచ్చలేదండి.
ఆ తర్వాతేం చేశాడో, ఎదవ."

మంచివాళ్ళ కథలు పై అరలో ఉన్నాయి.
వాటి మార్జిన్లు తెల్లగా ఉంటాయి.
చెరపడానికి నాకేమీ మిగల్చరు వాళ్ళు.

మొన్న ముసురుకి ఎవరూ రాలేదు.
ఉన్న ఒక్క కాపీ తీసి
మొదట్నుంచీ రబ్బరు పెడుతూ వచ్చాను.
నూట పన్నెండు. భద్రయ్య తల్లి చితి.
అందరూ ఏడుస్తున్నారు.
అతను లంక ఒడ్డున గొంతుక్కూర్చుని
అమ్మ కాలుతోంది, నాకు ఆకలేస్తోంది అనుకుంటాడు.
మినప్రొట్టె, దాని మీద చెరుకు పాకం
కళ్ళ ముందు తిరుగుతుంటాయి.

ఆ పేజీలో ఒక్క తిట్టూ లేదు.
ఇన్నేళ్ళు, ఇంతమంది, ఇన్ని పెన్సిళ్ళు,
అక్కడికొచ్చేసరికి మొనలన్నీ విరిగాయా?
వేలిముద్రలు మాత్రం ఉన్నాయి.
మూల నల్లబడి, బొటనవేలంత మేర
పాత పంచెలా మెత్తబడింది.

ఆకలి పక్కన చిన్న టిక్కు.
అంతే. మాట లేదు, సంతకం లేదు.
రబ్బరు పెట్టి రుద్దాను. పోలేదు.
తడి వేలితో రుద్దాను. అలుక్కుంది,
ఊదారంగులో,
అగ్గిపుల్ల ముంచి గీసినంత లావున.

తేదీల ముద్ర పక్కన
మూత తెరిచిన స్టాంపు ప్యాడు.
చాలాసేపు దాన్నే చూశాను.
ఈ గదిలో ఊదా సిరా
ఇంకెక్కడా లేదు.

రబ్బరు జేబులో వేసుకున్నాను.
బయట వాన ఇంకా పడుతోంది.
పన్నెండున్నర.
క్యారేజీ మూత తీశాను.