పన్నెండింటికి ఒకటి

దూరం నుంచి చూస్తే ఇది ఓడలా ఉండదు.
కిటికీలు పెట్టడం మరిచిపోయిన గోడౌనొకటి
నీళ్ళ మీదికి నడిచొచ్చినట్టుంటుంది.
లోపల పన్నెండు అంతస్తులు,
ఆరువేల కొత్త కార్లు,
ఇరవైరెండుమంది మనుషులం.

ఉల్సాన్ రేవులో రెండు రోజులు ఎక్కించారు.
గీత పడకూడదని ఉంగరాలు తీసేసి, గడియారాలు తీసేసి,
బెల్టు బకిలు మీద గుడ్డ కప్పుకున్న డ్రైవర్లు
చీమల బారులా ర్యాంపెక్కి వచ్చి
పక్క కారుకి పిడికిలి, ముందు కారుకి జానెడు
సందు వదిలి ఆపేవారు.
సగమే తెరుచుకునే తలుపులోంచి
ఊపిరి బిగబట్టి జారి బయటపడి
వ్యానెక్కి మళ్ళీ ఒడ్డుకి.
ఒక్కో కారుతో వాళ్ళ కాపురం నాలుగు నిమిషాలు.

నా పని ఆ తర్వాత మొదలవుతుంది.
నా పేరు క్రిసాంతో. గిమరాస్ దీవి.
అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా టార్చి పట్టుకుని
కార్లని నేలకి బిగించిన బెల్టుల మధ్య తిరుగుతాను.
వేలితో మీటితే బిగువున్నది టంగుమంటుంది.
వదులైనది మాట్లాడదు.
ఇన్ని కార్ల మధ్య బతుకుతానా,
నాకు డ్రైవింగ్ రాదు.
ఈ సంగతి చెప్పినప్పుడల్లా
వంటవాడు ఎల్పిడియో గరిటె కింద పెట్టి మరీ నవ్వుతాడు.

ఎనిమిదో రాత్రి, ఏడో అంతస్తులో,
ఊరికే ఒక అద్దంలోకి వెలుతురు కొట్టాను.
ప్లాస్టిక్ తొడుగు కింద సీటు
స్టీరింగ్‌ని తాకేంత ముందుకి జరిగి ఉంది.
పక్క కార్లన్నింటిలోనూ సీట్లు వెనక్కే ఉన్నాయి.
లెక్కపెట్టుకుంటూ నడిచాను.
పన్నెండో దాంట్లో మళ్ళీ అలాగే.
ఇంకో పన్నెండు. మళ్ళీ.

పన్నెండుమంది జట్టులో
ఎవరో ఒక పొట్టి మనిషి.
ఆమె అని ఎందుకనుకున్నానో తెలీదు,
మగాడే కావచ్చు.
ఒకచోట మాత్రం లెక్క తప్పింది, పదమూడు వచ్చింది.
మంచినీళ్ళకి వెళ్ళిందేమో.
లేకపోతే షూ లేసు కట్టుకుంటూ వెనకబడిందేమో.
ఆ పదమూడో కారు దగ్గర
కాస్సేపు ఊరికే నిలబడ్డాను.

పంతొమ్మిదో రోజు సముద్రం తిరగబడింది.
పళ్ళెంలో పులుసు నిలవలేదు, పడకలో మనిషి నిలవలేదు.
ఆరువేల కార్లు ఒక్కసారిగా ఒక పక్కకి బరువు మోపి
బెల్టులన్నీ పళ్ళు కొరుకుతుంటే
తొమ్మిదో అంతస్తులో ఎక్కడో
ఇంకా ఎవరిదీ కాని కారొకటి హారన్ కొట్టింది,
పసిఫిక్ నడిబొడ్డున,
దారి ఇమ్మని.
నేను ఏడో అంతస్తుకి పరిగెత్తాను.
నా వాటా తొమ్మిదిది కూడా కాదు, ఏడుదీ కాదు,
అయినా పరిగెత్తాను.
అన్నీ టంగుమన్నాయి.

శాన్ ఆంటోనియోలో పొద్దున్నే పొగమంచు.
ర్యాంపు దించగానే చిలీ డ్రైవర్లు లోపలికొచ్చారు,
పొడుగు కాళ్ళవాళ్ళు.
సీటు కింద చెయ్యి పెట్టి,
ఆ ఉల్సాన్ మనిషినెవరినో ఒక తిట్టు తిట్టి,
వెనక్కి తోసేవారు.
క్లక్.
కాసేపటికి ఇంకోటి.
క్లక్.
వద్దనడానికి నేనెవర్ని?

నికనోర్ అని, తోటివాళ్ళు కేకేస్తుంటే విన్నాను,
నెరిసిన మీసాలాయన, బద్ధకస్తుడు.
మోకాళ్ళు స్టీరింగ్‌కి తగులుతున్నా
సీటు జరపలేదు.
నాలుగు నిమిషాలేగా అన్నట్టు
ముడుచుకునే కూర్చుని నడిపించుకుపోయాడు.
బూడిదరంగు కారు.
ఒడ్డున వేల కార్లలో కలిసేదాకా
దాని వెనక దీపాలు చూస్తూ ఉన్నాను.

తర్వాత బెల్టులు చుట్టడం మొదలుపెట్టాను.
కొక్కేలు తడిగా ఉన్నాయి,
వేళ్ళకి ఉప్పు.