గిట్ట గుర్తు

కార్క్ పట్నంలో, రేవుకి నాలుగిళ్ళ ఇవతల,
లూక్ డార్గన్ అచ్చుకొట్టులో అక్షరాలు పేర్చేవాణ్ణి నేను.
సీసపు ముక్కల్ని తలకిందులుగా,
ఎడమది కుడీ కుడిది ఎడమా చేసి పేర్చితేనే
కాగితం మీద తిన్నగా పడతాయి.
పొగుడుతున్నట్టు తిట్టడం
నాకక్కడే పట్టుబడింది.

ఆ చలికాలం మేం వేసింది ఎనిమిది పేజీలు. ఖరీదు ఒక పెన్నీ.
"మన్‌స్టర్ ఆవులు తమ దొరవారికి
సవినయముగా సమర్పించుకొను కృతజ్ఞతాపత్రము."

దొర ఉండేది ఇంగ్లండులో.
పొలం ఇక్కడ, పైకం అక్కడ.
ఇరవై ఏళ్ళుగా ఆయన మొహం ఎరిగిన రైతు లేడు.

"ప్రభూ, తమ దర్శనం కాలేదని రైతులు ఏడుస్తారు.
మాకైంది.
ఉప్పులో ఊరి, పీపాల్లో ఒదిగి,
సముద్రం దాటి తమ బల్ల మీదికే వచ్చాం.
తమ పలువరుస అంత దగ్గరగా చూసినవాళ్ళు
ఈ దేశంలో ఇంకెవరు?
మమ్మల్ని మేపినవాళ్ళు మా రుచెరగరు.
వాళ్ళకి దుంపలున్నాయి, అవీ వేసవి దాకా రావు.
అయినా తమ దయకి మేమే సాక్ష్యం.
మమ్మల్ని ఒక్కసారే కోశారు.
కౌలుదార్లని ఏడాదికి రెండుసార్లు కోస్తారు."

కింద సంతకం చోట ఒక గిట్ట.
చెక్క మీద నేనే చెక్కాను, బొటనవేలు తెగింది.
మొదటి పాతిక ప్రతుల్లో ఆ ఎరుపు ఎవరిదో
కొన్నవాళ్ళకి తెలీదు.

జూడిత్ స్కల్లీ వాటిని శాలువా కింద దాచి అమ్మింది,
చేపలతో కలిపి.
ఆమెకి చదువు రాదు. నన్ను రెండుసార్లు చదవమంది,
రెండోసారి కళ్ళు మూసుకుని వింది.

షరీఫు వచ్చాడు.
"ఎవడ్రా రాసింది?"
డార్గన్ కళ్ళద్దాలు తుడుచుకుని అన్నాడు,
"సంతకం ఉంది కదండీ."

మర్నాడు వెన్న బజారులో షరీఫు నడుస్తుంటే
పీపాల వెనక నుంచి ఎవరో
"అంబా" అన్నారు.
వంతెన మీద ఇంకొకరు.
తర్వాత చర్చి మెట్ల మీద, బాగా చదువుకున్న గొంతొకటి.
కత్తి దూశాడు గానీ
ఏ చట్టంలోనూ అంబా లేదు.

నవ్వి నవ్వి పొట్టలు చెక్కలయ్యాయి మాకు.
వారం తిరక్కుండా మర చెక్కలయింది.
అక్షరాలన్నీ గంపలకెత్తి లీ నదిలో పోశారు.
డార్గన్‌ని తీసుకుపోయారు.
జైలు జ్వరానికి హాస్యం తెలీదు,
ఈస్టరుకి ముందే పోయాడు.

రాసిందెవరో నాకు తెలుసు.
అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను.
మంచి కోటు వేసుకునేవాడు. అంత్యక్రియలకి రాలేదు.

రెండేళ్ళకి మాలో దారిలో
వానకి ఒక కమ్మరికొట్టులో దూరాను.
కొలిమి చుట్టూ మనుషులు, మధ్యలో జూడిత్.
మా కరపత్రం చేతిలో తలకిందులుగా పట్టుకుని
ఐరిష్‌లో "చదువుతోంది".
మా వాక్యాలు సగమే ఉన్నాయి అందులో.
మిగతావి ఆ ఇంగ్లీషు కోటుకి తట్టని మాటలు.
ఆమె ఆవు సవినయంగా లేదు.
చివర సంతకం దగ్గర ఆగి,
కాలు నేలకేసి కొట్టి, అంది,

"దొరా,
నేనింకా అరగలేదు."