పూడిక

డాబాగార్డెన్స్‌లో రెండో అంతస్తు,
కిటికీ లేని గది.
"ఊపిరి పీల్చండి... పట్టి ఉంచండి... వదలండి."
పదకొండేళ్లుగా ఈ మూడు మాటలతోనే
ఇంటద్దె కడుతున్నాను.

జెల్ చల్లగా తగలగానే
అందరూ ఒకేలా ఉలిక్కిపడతారు,
బ్యాంకు మేనేజరైనా, పూర్ణా మార్కెట్ కళాసీ అయినా.
తెర మీద కాలేయం లేస్తుంది, పక్కనే మూత్రపిండం.
రెండూ దాదాపు ఒకే బూడిద రంగులో ఉండాలి,
అక్కాచెల్లెళ్లలా.
ఈమధ్య ఎవర్ని చూసినా
అక్క తెల్లబడిపోయి కనిపిస్తోంది.
వేకువ మంచు యారాడ కొండను మింగినట్టు
నాళాల అంచుల్ని కొవ్వు మింగేస్తోంది.

వానాకాలం మొదట్లో మైలపల్లి పోలిరాజు వచ్చాడు.
పోర్టులో డ్రెడ్జర్ మీద పని. యాభై రెండేళ్లు.
కంపెనీ పరీక్షలో ఏదో అంకె ఎక్కువొచ్చిందట.
"సుక్క ముట్టనండి మేడమ్, అప్పన్న సాచ్చి.
మా ఆడది నమ్మదు. లివరంటే తాగుడే అంటది."
తాగనివాళ్ల కాలేయాలే
ఆ వారం ఇరవై మూడు చూశాను.
నాలుగు చెంచాల పంచదార టీలు, రాత్రి షిఫ్టులు,
పదకొండింటికి బిర్యానీ పొట్లం,
బెల్టుకి మేకుతో పొడిచిన కొత్త బెజ్జం.
ఇవేవీ సారా కొట్లో అమ్మరు.

చెప్పే అధికారం నాకు లేదు.
రాసి పంపాను: రెండో గ్రేడు.

సాయంత్రం మెట్ల మీద దొరికాడు, చేతిలో చీటీల కట్ట.
"లివర్ సెడిందన్నారు, సరే.
మరి గుండెకి పరీచ్చలేటండి?
దొంగ ఓ ఇంట్లో, పోలీసులు పక్కింటికా?"
డ్యూటీ అయిపోయింది కదా అని చెప్పాను.
కాలేయం వదిలే కొవ్వు రక్తంతో పాటు తిరుగుతుందని,
నాళాల గోడలకు పట్టుకుంటుందని,
ఈ జబ్బున్న చాలామందిని చివరికి పట్టుకుపోయేది
కాలేయం కాదు, గుండేనని.

అతను చాలాసేపు చీటీల వంకే చూశాడు.
"ఓ... పూడికన్నమాట.
ఏటేటా ఛానెల్ తవ్వుతాం. ఓడ తగిలేది అక్కడే,
అందరూ తిట్టేదీ ఛానెల్నే.
బురద మోసుకొచ్చేది మేగాద్రి గెడ్డ.
గెడ్డ కాడికెల్లి ఎవుడూ సూడడు."

ఆ రాత్రి బస్సులో లెక్కపెట్టుకున్నాను.
గుండెకి ఎన్ని మాటలిచ్చాం!
జారుతుంది, పగులుతుంది, చెరువవుతుంది,
అవసరమైతే రాయి కూడా అవుతుంది.
కాలేయానికి మిగిలింది ఒక్కటే.
తెగువున్నవాణ్ణి ఖలేజా ఉన్నోడంటాం.
నొప్పి బయటికి చెప్పదని కాబోలు.

మా నాన్న కంచరపాలెం గేటు దగ్గర
స్కూటర్ ఆపి, ఆపినట్టే ఒరిగిపోయాడు.
గుండె ఆగిందన్నారు. అంతవరకు నిజమే.
చిన్నప్పుడు ఆయన పొట్ట తలగడగా పడుకునేదాన్ని.
అంత మెత్తదనం ఎక్కడి నుంచి వచ్చిందో
అడగాలని తెలియని వయసు.

మొన్న పోలిరాజు మళ్లీ వచ్చాడు.
బెల్టు రెండు బెజ్జాలు వెనక్కి వెళ్లింది.
"గెడ్డ కాడ పని సేత్తన్నానండి" అన్నాడు.
పాత పోస్టాఫీసు నుంచి హార్బరు దాకా నడకట,
పంచదార లేని టీ అంటే ఇప్పటికీ ఏడుపొస్తుందట,
ఆదివారం పొట్లం మాత్రం మానలేదట.

ఊపిరి పీల్చండి. పట్టి ఉంచండి.
అక్క ఇంకా కొంచెం తెల్లగానే ఉంది.
కానీ నాళాల అంచులు తేలుతున్నాయి,
ఎండెక్కాక కొండ తేలినట్టు.
తెర పైమూల, సన్నటి పొర అవతల
ఎప్పటిలాగే గుండె కొట్టుకుంటోంది.
దాన్ని చూడమని మాకెవరూ రాసివ్వరు.

"తగ్గిందా మేడమ్?"

చెప్పే అధికారం నాకు లేదు.
తెరను కొంచెం అతని వైపు తిప్పాను.