ఏటవాలు నేత

తాడిపత్రి బైపాసులో నా షెడ్డు.
ఇరవై రెండేళ్ళుగా లారీల కడుపుల కింద పడుకొని
ఆకాశానికి బదులు హౌసింగుల్ని చూసినోణ్ణి.
గ్రీజు చుక్క ఎప్పుడు రాలుతుందో
నాకంటే ముందు నా కనురెప్పకు తెలుసు.

పాత ప్రొపెల్లర్ షాఫ్టు దించాలంటే ఇద్దరు కావల్ల.
ఒకడు గుండెల మీద మోస్తే
ఒకడు బోల్టు లాగల్ల.
సుత్తితో తడితే గంట మాదిరి మోగేది,
బీటుంటే గొంతు పోయేది.
అట్లా ఎన్ని రోగాలు పట్టుకుంటినో,
ఉత్త చెవితో.

మొన్న శుక్రవారం నమాజు నుంచి వచ్చేసరికి
గుమ్మంలో పొడుగాటి అట్టపెట్టె.
"కార్బన్ ఫైబరంట దస్తగిరీ,
ఉక్కును మించిందంట" అన్నాడు కుళ్ళాయిరెడ్డి.
ఎత్తితే ఒంటి చేత్తో లేచింది.
బరువుంటుందని బిగబట్టిన భుజం
వెనక్కి తూలింది,
లేని మెట్టు మీద కాలు పెట్టినట్టు.

తడితే టక్కుమంది, అంతే.
ఎండిన సొరకాయ.
మోగనిదాన్ని ఎట్లా నమ్మేది?

డ్రైవరు చౌడప్ప బీడీ ఆర్పి దగ్గరికొచ్చినాడు.
యాడికిలో మగ్గం అమ్మి స్టీరింగు పట్టినోడు.
గోటితో గీరి,
నల్లటి నిగనిగ కింద ఏదో చదువుకున్నాడు.
"ఇది నేతన్నా" అన్నాడు.
"పడుగు నిలువుగా లేదు, పేక అడ్డంగా లేదు,
రెండూ ఏటవాలు.
మెలిపెట్టే బలానికి ఎదురు నిలవాలంటే
దారం ఇట్లనే పోవల్ల.
నేసినోడెవడో గాని తెలిసినోడు."
"నేసింది మిషను లేప్పా."
"మిషనుకు చెప్పినోడు ఉంటాడు గదా."

ఉక్కుది క్రాసు తెగితే
రోడ్డుకు గుచ్చుకొని బండినే ఎత్తి పడేస్తాది.
ఇది పోతే పోగులు పోగులుగా
చీపురు మాదిరి విచ్చుకుంటుందంట.
వెల్డింగు పట్టదు, లేత్ పట్టదు.
"తెగిన పోగుకు ముడేసేది నాకొచ్చు" అన్నాడు చౌడప్ప,
"దీనికి రాదు."

బిగించినాం. పోయినాడు.
గువ్వలచెరువు ఘాటు దిగి నాలుగోనాడు తిరిగొచ్చినాడు.
"అరవై దాటితే సీటు కింద వచ్చే వణుకు లేదన్నా.
ఆ వణుకే నన్ను నిద్రపోనిచ్చేది కాదు.
రాయచోటి దాటినాక రెండుసార్లు కన్ను మూతపడింది.
ఇప్పుడు పచ్చిమిరపకాయ కొరుక్కుంటా తోల్తాండా."

నలభై కిలోలు తగ్గిందని లెక్కగట్టి
కుళ్ళాయిరెడ్డి అదే పొద్దు
రెండు నాపబండలు ఎక్కువ వేయించినాడు.
తేలికైన సంగతి లారీకి తెలియనే లేదు.

పాత షాఫ్టు షెడ్డు గోడకు ఆనుకొని ఉంది.
పాతినుపోడు కిలోకింతని రెండుసార్లు అడిగిపోయినాడు.
రేపు చూద్దాంలే అంటి.

నిన్న పొద్దు గూకే వేళ, పనేమీ లేక,
స్పానరుతో దాన్నొకసారి తట్టినా.
రోడ్డవతల టీ అంగడి పిల్లోడు
మోత విని,
రెండు గ్లాసులు తెచ్చినాడు.